అంగడి పేరు భూమి

ఆ రోజు నేను చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్ళు దాని చాటున ఉండగలిగాను. మొన్న శుక్రవారం ప్రొద్దుటూరులో మా ఇంటి గడపకు పూయడానికి నా భార్య గిన్నెలో జాజు కలుపుతుంటే, ఆ ఎర్రమన్ను తడిసిన వాసన వంటింట్లోంచి నేను కూర్చున్న కుర్చీ దాకా వచ్చింది. తొలివాన పడిన చేను వాసనకూ తుప్పు పట్టిన ఇనుము వాసనకూ నడుమ ఎక్కడో ఉంటుంది అది. నేను లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. చేతులకు ఏమీ అంటలేదు. ఏమీ అంటకపోయినా కడుక్కోవడం నాకు పాత అలవాటు.

అదే వారం మా బట్టలంగడికి మా పాత ఊరి మనిషి ఒకాయన పెండ్లి బట్టలు తీయడానికి వచ్చాడు. పంచెలు చూస్తూ, మాటల్లో మాటగా, "ఆశీర్వాదం సారని ఒకాయన ఉండె సూడు శెట్టీ, పడమటోల్లకు జీపు దోవ గీసిచ్చి చెయ్యి పోగొట్టుకున్న్యాడు. సదువుకున్నోల్లకు యాలప్పా ఆ పనులు?" అని నవ్వాడు. నేను పంచె అంచు మడత పెడుతూ ఊరకున్నాను. చిన్నప్పుడు ఒకసారి ఊరకున్నాను, ఇది రెండోసారి. మూడోసారి వద్దనుకొని ఇది రాస్తున్నాను. ఆ దోవ గీసింది సారు కాదు. నేను.

మా ఊరు జమ్మలమడుగు దోవలో ఉంటుంది. పేరు అవసరం లేదు, ఆ వైపు ఊర్లన్నీ ఒకే రాయితో కట్టినవే. ఇంటి నేల నాపరాయి, గోడ నాపరాయి, పైకప్పు నాపరాయి, దొడ్డికి కంచె కూడా నిలువునా పాతిన నాపరాళ్ళే. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆ బండల మీద కాలు పెడితే చర్మం చుర్రుమనేది, సాయంత్రం మా అవ్వ కడవతో నీళ్ళు చల్లితే బండలు ఒక నిమిషం పొగలు కక్కి చల్లబడేవి, వాటి మీద పిల్లలం వీపులు ఆనించి పడుకొని వేయించిన శెనక్కాయలు ఒలుచుకుంటూ చుక్కలు చూసేవాళ్ళం. చలికాలం వస్తే అవే బండలు మంచుగడ్డలు, అప్పుడు గోనెపట్టాలు పరిచేది. వేడి సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసుకోవడం, ఉగాదికి ఓళిగలు ఆవిరి వాసనతో గుడ్డలో చుట్టి పెట్టడం, బొంగరం తాడుకు మైనం రాయడం, ఇవన్నీ అందరి బాల్యంలో ఉన్నట్లే నా బాల్యంలోనూ ఉన్నాయి. వాటిని తలుచుకుంటే అందరికీ కలిగేది నాకు కలగదు. సరుకుల పేర్లు చదివినట్లు ఉంటుంది.

మాది ఊర్లో ఒకే ఒక అంగడి. బెల్లం, చింతపండు, కిరసనాయిలు, బీడీలు, సున్నం, జాజు. ఊర్లో రెండు పార్టీలు. పార్టీ అంటే మాకు జెండా కాదు, ఇల్లు. తూర్పింటోళ్ళు, పడమటింటోళ్ళు. ఎలక్షన్లు వచ్చినప్పుడు తూర్పిల్లు ఒక జెండా కడితే పడమటిల్లు ఇంకోటి కట్టేది, మళ్ళీ ఎలక్షన్లకు జెండాలు మారినా ఇండ్లు మారేవి కావు. మా అంగడికి తూర్పోళ్ళు పొద్దున వచ్చేవాళ్ళు, పడమటోళ్ళు పొద్దు వాలినాక వచ్చేవాళ్ళు. ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదు, ఎదురుపడకుండా అట్లా కుదిరిపోయింది. మధ్యాహ్నం అంగడి ఖాళీ. ఆ ఖాళీలో మా నాయన అరుగు మీద కునుకు తీసేవాడు. ఆయన నాకు నేర్పిన వ్యాపారం ఒకటే: "మనకు నోరుండేది ధర చెప్పేదానికేరా. ఎవురొచ్చిరి, ఎవురు పాయిరి, మనకు కనపడదు, ఇనపడదు." ఎవరైనా వచ్చి ఫలానావాడు ఈ పొద్దు వచ్చినాడా అని అడిగితే, వచ్చి వెళ్ళి గడియ కాకపోయినా, నాయన తక్కెడ వైపు చూస్తూ "యాడ గుర్తుంటాదప్పా" అనేవాడు. నేనూ అట్లాగే అనడం నేర్చుకున్నాను. మాటలు పూర్తిగా రాకముందే నాకు ఆ మాట వచ్చునని మా అవ్వ నవ్వేది.

ఆశీర్వాదం సారు మా బడికి ఒక్కరే అయ్యవారు. మిషన్ దొరల కాలంలో వాళ్ళ తాత మతం పుచ్చుకున్నాడు, అప్పటి నుంచి ఆ ఇంట్లో చదువు ఉంది. ఊరి చివర పాలెంలో చిన్న చర్చి, చర్చి పక్కన వాళ్ళ ఇల్లు. ఆయన కొడుకు దానియేలు నాకు జత. మనిషి బక్కపలచన, చేతులు మాత్రం ఊరుకునేవి కావు. పాడైన టార్చిలైటు దొరికితే విప్పి ముక్కలు చేసి మళ్ళీ కట్టేవాడు, ఒక్కో ముక్క మిగిలిపోయేది, అది లేకపోయినా లైటు వెలిగేది. "మిగిలిందేందిరా?" అంటే, "దానికి పనిల్యాకుండె" అనేవాడు.

శనివారం ఒంటిపూట బడి అయినాక సారు మమ్మల్ని పంపేవాడు కాదు. ప్రొద్దుటూరు బస్టాండు పక్కన అద్దె పుస్తకాల బంకు ఒకటి ఉండేది, అక్కడి నుంచి తెచ్చిన పిల్లల సాహస కథలు చదివి వినిపించేవాడు. జమ్మలమడుగులో చుట్టాలింటి పెట్టెలో దొరికిన పాత పుస్తకాలు కూడా తెచ్చేవాడు. వాటికి కర్పూరం ఉండల వాసన, బంకు పుస్తకాలకు బీడీ వాసన. ఉప్పు సముద్రం కింద దీపాలు పెట్టుకొని బతికే పట్నం, నిన్నటి రోజులోకి తీసుకుపోయే గడియారం, ఆకులతో మాట్లాడే అమ్మాయి. ఉక్క పోసే గదిలో, కిటికీ లోంచి వచ్చే రాతి దుమ్ములో, సారు గొంతు పెంచకుండా చదివేవాడు. రాక్షసుడు వచ్చే చోట కూడా గొంతు పెంచేవాడు కాదు. అందుకే మాకు ఎక్కువ భయం వేసేది.

అవి మమ్మల్ని ఎందుకంత పట్టుకున్నాయో నేను తర్వాత చాలా ఆలోచించాను. ఇంకో లోకం చూడాలనే ఆశ అంటారు. మాకు అది కాదు. ఆ కథల్లో శత్రువు ఎవడో చూడగానే తెలిసిపోయేది. వాడికి పచ్చ చర్మమో నుదుటి మీద కన్నో ఉండేది. మా ఊర్లో శత్రువు మన మాదిరే పంచె కట్టుకొని, మన అంగట్లోనే బెల్లం కొనుక్కొని, మనల్నే "బాగుండావా పిల్లోడా" అని బుగ్గ గిల్లేవాడు. ఆ కథల్లో ప్రమాదానికి ఒక పద్ధతి ఉండేది, మూడు ద్వారాలుంటే మూడోది తెరుచుకునేది. అన్నిటికంటే పెద్దది, ఆ కథల్లో పిల్లలు ఏ దోవన పోవాలో వాళ్ళే తేల్చుకునేవాళ్ళు. మేము ఈ పొద్దు ఏ వీధిలో నడవొచ్చో ఇంట్లో అడిగి బయలుదేరేవాళ్ళం.

ఆ పుస్తకాల్లో ఒకటి రాగి ఓడ కథ. అన్నాచెల్లెళ్ళు రాగితో చేసిన ఓడలో చుక్కల నడుమ తప్పిపోతారు. రెండు చందమామలున్న గ్రహం దాటుతారు, నిద్రపోయే ఇసుక దాటుతారు, ఇంటికి దారి కోసం వెతుకుతూ ఉంటారు. వారాల తరబడి విన్నాం. ఆఖర్న చూస్తే పుస్తకానికి చివరి పేజీలు లేవు. ఎవరో చించుకొని బీడీ చుట్టుకున్నారో ఏమో. పిల్లలందరూ గోల. సారు చిరిగిన అంచు మీద వేలు పెట్టి నిదానంగా అన్నాడు:

"గమ్మునుండండిరా. ఓడ ఇంటికి యా దోవన పోయిందో మీరే చెప్పండి. క్రిస్మస్ సెలవులైనంక ఒక్కొక్కరు దోవ గీసి చూపియ్యాల. ఎవురిది బాగుంటే అదే ఆఖరు."

డిసెంబరు చలి. ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి. దానియేలు పండగకు ముందే వాళ్ళమ్మతో చక్రాయపేట వైపు అమ్మమ్మ ఊరికి పోయాడు, పండగనాటికి వస్తామని చెప్పి. సారు ఒక్కడే ఉండి చర్చి అరుగుకూ ఇంటి ముందరి గోడకూ సున్నం, జాజు పూస్తున్నాడు. మా అంగట్లోనే కొనుక్కుపోయాడు, నేనే తూచి ఇచ్చాను. నాకు మటుకు మనసంతా రాగి ఓడ మీదే. దానియేలు వచ్చేలోపల ఎవరూ గీయనంత పెద్దది గీసి వాడికి చూపించాలనుకున్నాను. మధ్యాహ్నం నాయన కునుకు తీసే వేళ, మూట లోంచి జేబు నిండా జాజు, కాగితంలో కాస్త సున్నం తీసుకొని, బడి వెనకాల పాడుపడిన రాళ్ళగనికి పోయాను. అక్కడ గోడంత నాపరాయి ఒకటి వాలి నిలబడి ఉండేది. డబ్బాలో నీళ్ళతో కలిపి, గుడ్డ చుట్టిన పుల్లతో గీశాను.

మధ్యలో మా అంగడి. దాని పేరు భూమి. నాకు తెలిసిన లోకమంతా ఆ అరుగు మీద నుంచి చూసిందే కాబట్టి భూమి అక్కడే ఉంటుంది. తూర్పిల్లు ఒక గ్రహం, పడమటిల్లు ఒక గ్రహం. చర్చి ఉన్న చోట రెండు చందమామలు. ఓడ ఎట్లా ఉండాలో తోచలేదు. మా ఊర్లో చప్పుడు వినగానే అందరూ తలుపుల వైపు చూసే బండి ఒకటే, తూర్పింటి పెద్దాయన జీపు, దాన్నే రాగి ఓడ చేసి రెక్కలు పెట్టాను. ఆ జీపు పోయే దోవే ఓడ దోవ. గనికి అవతల వాగు మీద కల్వర్టు దగ్గర జీపు ఎప్పుడూ నెమ్మదించేది, గుంత ఉంది కాబట్టి. అక్కడ ఎర్రగా గుణకారం గుర్తు పెట్టి కింద రాశాను: ఇక్కడ ఓడ మెల్లగా పోతుంది. నిద్రపోయే ఇసుక అక్కడే అని నా లెక్క.

ఆ రోజుల్లో ఆ రాతి మీద ఆ మాట చూసి కథ అనుకునే పెద్దవాడు మా ఊర్లో లేడు. జీపు ఎక్కడ నెమ్మదిస్తుందో, అక్కడే కదా పడమటోళ్ళు దాడికి కాపు కాసేది. మరుసటి రోజు పొద్దున తూర్పోళ్ళ మనిషి ఓబులేసు జీపు కంటే ముందుగా కల్వర్టు చూడ్డానికి వచ్చి, ఒంటేలుకని గనిలోకి దిగి ఆ రాయి చూశాడు.

అక్కడి నుంచి నేరుగా మా అంగడికి వచ్చాడు. ఊర్లో జాజు ఇంకెక్కడా దొరకదు.

"ఏం శెట్టీ, ఈ మధ్య జాజు ఎవురు కొనిరి?"

నాయన తక్కెడ వైపు చూశాడు. "యాడ గుర్తుంటాదప్పా. పండగలు గదా, ఎవురెవురో కొంటాంటారు."

"నీకు యా పొద్దూ గుర్తుండదులే." ఓబులేసు నవ్వి నా వైపు తిరిగాడు. సీసాలోంచి బొరుగుల ఉండ ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "చిన్నశెట్టీ, నువ్వు బల్లో ఫస్టంట గదా. నువ్వు చెప్పు. జాజు ఎవురు కొన్న్యారు?"

నా రెండు చేతులూ వీపు వెనక ఉన్నాయి. గోళ్ళ సందుల్లో ఎరుపు పోలేదు, పొద్దున ఎంత రుద్దినా. నాకు నేర్పిన మాట నాలుక మీదే ఉంది. అది అనుంటే సరిపోయేది. కానీ తెలీదంటే ఇంకొకటి అడుగుతాడు, చేతులు చూపించమంటాడు అనిపించింది.

"సారు కొనుక్కపాయ మామా. పండగకి."

అది నిజం. ఓబులేసు నా తల నిమిరాడు. ఉండ తినమన్నాడు. చేతులు ముందుకు తేవాల్సి వస్తుందని తినలేదు.

చర్చి అరుగు పూస్తున్న మనిషిని జాజు బక్కెటతో సహా జీపులో ఎక్కించుకొని గనికి తీసుకుపోయారట. బడిలో ప్రతి గోడ మీదా ఆయన గీసిన దేశపటాలు ఉండేవి, పటం గీయడం ఊర్లో ఆయనకే వచ్చని అందరికీ తెలుసు. ఇంకేం అడగాల్సిన పనేముంది వాళ్ళకు. సాయంత్రం ఎవరిదో ఎద్దులబండి ఆయన్ను జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోతూ మా అంగడి ముందు నుంచే పోయింది. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది. తువ్వాలు ఎర్రగా ఉంటే నేను జాజు అనుకున్నాను. వేళ్ళను నాపరాయి పలకల నడుమ పెట్టి నలగ్గొట్టారని తర్వాత అంగట్లోనే విన్నాను, పొద్దున వచ్చినవాళ్ళ నోటా, సాయంత్రం వచ్చినవాళ్ళ నోటా.

ఆ సాయంత్రం నాయన నన్ను దొడ్లోకి పిలిచాడు. నా చేతులు పట్టుకొని, కిరసనాయిలు పోసి, కొబ్బరిపీచుతో గోళ్ళ సందులు రుద్దాడు. రక్తం వచ్చేదాకా రుద్దాడు. "యాడికన్నా పోయింటివా?" అని అడగలేదు. చివర్న నీళ్ళు పోసి, "అన్నం తిను పో" అన్నాడు. మర్నాడు జాజు మూట అంగట్లో లేదు. మళ్ళీ మేము జాజు అమ్మలేదు. మా ఇద్దరి మధ్య ఆ సంగతి గురించి జరిగిన సంభాషణ అంతే, ఆయన చనిపోయేదాకా.

నేను ఏడ్చానా అంటే, లేదు. దానియేలు మళ్ళీ ఊరికి రాలేదు. సామాను తీసుకుపోవడానికి వాళ్ళ మేనమామ బండి కట్టుకొని వచ్చాడు. మా అంగట్లోనే మోకులు కొన్నాడు. నేనే కొలిచి ఇచ్చాను. సెలవులైనాక బడికి కొత్త అయ్యవారు వచ్చాడు, ఆయన కథలు చదివేవాడు కాదు. రాయి మీద బొమ్మను ఎవరో పేడనీళ్ళతో కడిగేశారు. ఓడ ఏ దోవన ఇల్లు చేరిందో ఎవరూ అడగలేదు. ఆ తర్వాత నేను కథల పుస్తకం ఏదీ తెరవలేదు. వ్యాపారం ప్రొద్దుటూరుకు మారింది, బట్టల్లోకి దిగాం, పెండ్లి అయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళు చిన్నప్పుడు ఫోన్లో గ్రహాల బొమ్మలు చూస్తూ "నాయనా, చూడు" అంటే చూసేవాణ్ణి. ఏమీ అనిపించేది కాదు. ఏమీ అనిపించకపోవడమే నా ఆరోగ్యం అనుకున్నాను.

పంచెల బేరానికి వచ్చిన ఆ మనిషి పోయినాక, ఎవరెవరినో అడిగి కనుక్కున్నాను. దానియేలు పులివెందులలో మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. చీనీ, అంటే బత్తాయి తోటల బోర్లకు మోటార్లు కాలిపోతూనే ఉంటాయి, అతనికి పని తెగదు. చుట్టయినా మా పాత ఊరి మీదుగా పోయే బస్సే ఎక్కి, దారి పొడవునా చూశాను. బస్టాండు పక్కన పుస్తకాల బంకు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మా ఊరి గనిలో వాననీళ్ళు నిండి, దాని చుట్టూ ముళ్ళతీగ వేశారు. కల్వర్టు మీద గుంత లేదు, నున్నటి తారు రోడ్డు, ఏ బండీ నెమ్మదించదు. తూర్పిల్లూ పడమటిల్లూ ఇప్పుడు వియ్యంకులు. పిల్లల గొంతులు లేవు, బడి మూసేశారట.

దానియేలు షాపులో వార్నిష్ వాసన, రాగితీగ చుట్టలు. జుట్టు నెరిసింది, చేతులు మాత్రం అవే, ఊరుకోవడం లేదు. నన్ను చూసి కాసేపటికి గుర్తుపట్టాడు.

"చిన్నశెట్టివి గదూ? ఏందప్పా, మోటరు కాలిపాయనా?"

"కాదు దానియేలూ. ఆ రాయి మీద బొమ్మ..."

"తెల్సులే." తీగ చుట్టడం ఆపలేదు. "మా నాయనకు ఆ పొద్దే తెల్సు. గనికాడ చూసినాడు గదా. నడిమద్దెలో మీ అంగడి పెట్టి భూమి అని రాసింటివంట. ఇంగెవుడు గీస్తాడు అట్ల?"

"మరి యాల చెప్పకపాయ?"

"చెప్పింటే మీ అంగట్లోకి పోతారు గదా వాల్లు. నీ చేతులు ఎంతుంటాయప్పా అప్పుడు?" తలెత్తి మొదటిసారి సూటిగా చూశాడు. "నాకు మటుకు శానా దినాలు కోపముండె. యాల, ఇప్పుడూ ఉండాది. నాయన లోపల ఉన్న్యాడు, పో."

వెనక గదిలో నులకమంచం మీద సారు కూర్చొని ఉన్నాడు. బాగా వయసైపోయింది. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకొని ఉన్నాయి. ఆ తర్వాత కూడా ఎడమచేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకొని, తొండూరు వైపు ఏదో బడిలో రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పాడని దానియేలు గుమ్మంలో నిలబడి చెప్పాడు. నేను నా పేరు చెప్పాను. ఆయన కండ్లు చికిలించి చూసి, బడిలో అన్నట్లే, గొంతు పెంచకుండా అన్నాడు:

"వాల్లు నిమ్మలంగా చూడనీలేదబ్బా. సగమే చూసినా. ఓడ ఆఖరుకు యాడికి పాయ?"

"అంగడికి సార్. భూమికి."

"ఊఁ. బాగుండాది." ఎడమచేత్తో మంచం అంచు చూపిస్తే కూర్చున్నాను. "ఇంగ నువ్వు చెప్పాలని వచ్చింది చెప్పు."

"దానియేలు చెప్పినాడు సార్, మీకు అంతా తెలుసని."

"నాకు తెలిసేది వేరే. నువ్వు చెప్తే ఇనాల. లేసి నిలబడి చెప్పు."

నేను లేచాను. చేతులు వాటంతట అవే వీపు వెనక్కి పోయాయి. వాటిని ముందుకు తెచ్చి, ఆయనకు కనపడేటట్లు పెట్టుకొని చెప్పాను.

"ఆ బొమ్మ గీసింది నేను సార్. జాజు మా మూటలోంచి నేనే తీసుకుంటి. ఓబులేసు మామ అడిగినప్పుడు మీరు కొన్న సంగతి చెప్తి, నేను గీసిన సంగతి చెప్పకపోతి. నా వల్ల మీ చెయ్యి పాయ. తప్పు చేసినా సార్. నన్ను మన్నించండి."